పసుపు పేలిక

మా అమ్మవి కళ్ళు కావు, జేబులు అని మా ఊళ్ళో చెప్పుకుంటారు. ఊరంటే హెల్సింకి. కనపడ్డదాన్నల్లా చూపుతోనే ఎత్తుకుని ఇంటికి తెచ్చేస్తుందని దాని భావం. చేపలబజారులో తడిసిన తాళ్ళు, ట్రాము పట్టాల మీద వాన, ఎదురింటివాళ్ళు ఆరేసిన దుప్పట్లు, ఇవన్నీ ఏదో ఒకనాడు గుడ్డ మీద అచ్చయి దుకాణాల్లో తేలేవి. "నేనేమీ కల్పించనండీ, ఏరుకుంటాను" అని మా అమ్మ ఇర్మెలి సాల్మెన్‌కల్లియో ప్రతి సభలోనూ చెప్పేది. డిజైనర్లందరూ మురిసిపోయి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇంట్లో ఉండేవాళ్ళం కనుక నా బొమ్మల కాగితాలు దాచుకోవడం నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. మా తమ్ముడు ఒట్సో నేర్చుకోలేదు.

వాడు రొట్టెల పొట్లం కాగితం మీద గీసుకున్న బొమ్మ ఒకటి మరుసటి ఏడాదికి ఊరంతా కిటికీ తెరలై వేలాడింది. కింద అమ్మ పేరుంది. "బల్లమీద పడుంటే తీశాను, పడున్నదాన్ని తియ్యడమే కదా నా పని" అంది అమ్మ. వాడు ఇల్లు కూలేలా అరిచాడు. తర్వాత అరవడం మానేశాడు. తర్వాత వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళుగా వాడెక్కడున్నాడో మాకు తెలియదు. అమ్మ వాడి పేరెత్తేది కాదు. నేనెత్తితే పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్ళేది.

ఆ వేసవి మొదట్లో అమ్మ పరిస్థితి ఏమీ బాగాలేదు. కొత్త అచ్చు చూపించి చాలా కాలమైంది. ఇర్మెలి ఏరుకోవడానికి ఊరు మిగల్లేదట అని కాఫీ హోటళ్ళలో నవ్వుకునేవాళ్ళు. సెప్టెంబరులో ఊళ్ళో డిజైనర్ల పండగ. పెద్ద హాలులో నడిమి గోడ ఎప్పుడూ అమ్మదే. దాని పెత్తనం గున్‌వొర్‌ది. అమ్మ స్నేహితురాలే, కానీ స్నేహం వేరు, గోడ వేరు అనే మనిషి.

నడివేసవి పండగ రోజు ఊరు ఊరంతా పల్లెలకీ దీవులకీ పోతుంది. ఆ మర్నాడు ఖాళీ వీధుల్లో నడవడం అమ్మకి అలవాటు. ఆవేళ సముద్రం ఒడ్డున రేవుకి వెళ్ళి తిరిగొచ్చేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కాఫీ అడగలేదు. చెప్పులు విప్పకుండానే పనిగదిలోకి పోయి తలుపేసుకుంది.

దొరికింది కాబోలు అనుకున్నాను. దొరికినప్పుడు అమ్మ అలాగే ఉంటుంది, జ్వరం వచ్చిన మనిషిలా.

నిజంగానే దొరికింది. జులై అంతా గీసింది. బూడిద రంగు పట్టీ, ఇటుక ఎరుపు పట్టీ, మళ్ళీ బూడిద, వాటి మధ్య నలుపులో మెరిసే ఆవపిండి పసుపు. రంగులు కలిపేది నేనే కనుక ఆ పసుపుతో నా ప్రాణం తీసింది. "ఇది కాదు. ఇంకా కొంచెం ముసలిది కావాలి" అనేది. పసుపులో ముసలిదేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

గున్‌వొర్ వచ్చి చూసి, టోపీ తీసి కూర్చుంది.

"ఎక్కడ ఏరావే ఇది?"

"కాళ్ళ కింద," అంది అమ్మ.

"నన్ను ఏడిపించకు. ఏడ్చానంటే కళ్ళకాటుక కారుతుంది, మళ్ళీ రాసుకోవడానికి అద్దం కనపడదు నాకు." గున్‌వొర్ ఇంకాసేపు చూసింది. "గోడ నీదే. చచ్చేదాకా నీదే, ఫో."

ఇల్లంతా తేలికైంది. గుడ్డ అచ్చయి చుట్టలుగా ఇంటికొచ్చింది. నాకూ హుషారొచ్చి, ఆగస్టు చివర్లో ఒక శుక్రవారం, హాల్లో మట్టికొట్టుకుపోయిన, పాతబట్టలు పేలికలుగా చింపి నేసిన మా జంపఖానాని సైకిలుకి కట్టుకుని రేవుకి వెళ్ళాను.

ఈ రేవు మా ఊరికి చాకిరేవు వంటిది. సముద్రం గాలిలో కర్రబల్లలు వరసగా ఉంటాయి. వేసవిలో జనం ఇళ్ళలో జంపఖానాలు మోసుకొచ్చి, పైన్ నూనె సబ్బుతో తోమి, పిండి, కొయ్య దండేల మీద ఆరేసి, ఎండేదాకా ఊళ్ళో కబుర్లన్నీ ఉతుకుతారు. నా పక్క బల్ల మీద ఒక ముసలామె మోకాళ్ళ మీద కూర్చుని తోముతోంది. పేరు ఐలి అని తనే చెప్పింది, తన కీళ్ళనొప్పుల పేర్లతో పాటు. మాట వింటూ ఆమె జంపఖానా వైపు చూసి నవ్వాపుకోలేకపోయాను. బూడిద, ఇటుక ఎరుపు, బూడిద. అచ్చు మా అమ్మ గుడ్డే. ఓహో, కాళ్ళ కింద అంటే ఇదన్నమాట, దొంగ దొరికిపోయింది అనుకున్నాను.

ఆమె సబ్బు నురగని నీళ్ళు పోసి కడిగింది. నురగ పోయాక పసుపు బయటపడింది.

మాలో ఎవరికి పద్దెనిమిదేళ్ళు నిండితే వాళ్ళకి అమ్మ ఒక గుడ్డ అచ్చువేసింది. నాకు లంగాకి సరిపడా, వాడికి చొక్కాకి సరిపడా. అంతే. ఆ పైన మళ్ళీ వేసే వీల్లేకుండా అచ్చుతెరలు కడిగేసింది. మసినలుపు గుడ్డ మీద ఆవపిండి రంగు చేపపొలుసులు, వాడిది. అటువంటి గుడ్డ లోకంలో ఇంకెక్కడా లేదు. వెళ్ళిపోయిన రోజున వాడి ఒంటి మీద ఉన్నది అదే చొక్కా. ఇప్పుడది వేలెడు వెడల్పు పేలికలై నా ముందు నీళ్ళు కారుతోంది.

"ఈ పేలిక ఎక్కడిదండీ?" అన్నాను.

"పేలిక సంగతి నాకేం తెలుసమ్మాయ్? మా ఇంట్లో నేసిందైతే ఇది మా ఆయన పైజామా, ఇది మా అత్త దిండుగలీబు అని ఇంటిపేర్లతో సహా చెబుదును. ఇది చర్చి సంతలో కొన్నాను. వాల్లిలా పేటలో ఎవరో మగ్గాల గదిలో నేస్తారట." ఐలి ఆ పసుపు మీద బొటనవేలితో రుద్దింది. "చూడు, ఎక్కడా చీకిపోలేదు. ఏదో కొత్త చొక్కాలా ఉంది. పాపం, పోయినవాళ్ళదై ఉంటుంది."

"ఎందుకలా అంటారు?"

"బతికున్నవాడి మంచి చొక్కా ఎవరు చింపుతారు? పాతదైతే చింపుతాం. మనిషి పోతే చింపుతాం, పారేయడానికి చేతులు రాక. మా ఆయన కోట్లు రెండూ నేను అలాగే... ఏమయింది? ఇలా కూర్చో. ఎండదెబ్బా? ఈ దేశంలో ఎండదెబ్బ తగిలిన మొదటి మనిషివి నువ్వే."

ఆమె నా మెడ మీద నీళ్ళు చల్లింది. సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. ఓడ ఒకటి పోతోంది. దాని మీద జనం చేతులూపుతున్నారు. నా తమ్ముడు చచ్చిపోయాడు, ఎవరో వాడి చొక్కాని చింపి నేశారు, చర్చి సంతలో అమ్మారు, మాకెవరూ చెప్పలేదు. ఈ ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటున్నాను కానీ ఏదీ లోపలికి దిగడం లేదు.

మా తడి జంపఖానాని అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. అమ్మ పనిగదిలో గుడ్డ చుట్ట విప్పి, అంచులు సరిచూసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. గోడ మీద ఫోటోలున్నాయి. రేవులో దండెం మీద ఆరేసిన ఐలి జంపఖానా, దగ్గరగా, ఇంకా దగ్గరగా. ఒక ఫోటోలో పేలికలో పొలుసు అంచు కూడా తెలుస్తోంది. రెండు నెలలుగా ఆ గదిలోకి వస్తూ పోతూ నేను వాటి వంక సరిగా చూడనేలేదు.

కానీ అమ్మ చూసింది కదా. తన చేత్తో కలిపిన పసుపు. తన కొడుకు ఒంటి మీద తను గుండీలు పెట్టి మురిసిన గుడ్డ. దాన్ని ఫోటో తీసి, పెద్దది చేసి, పొద్దస్తమానం ఎదురుగా పెట్టుకుని గీసింది. గుర్తుపట్టలేదు. రంగు కనపడింది, కొడుకు కనపడలేదు. మా అమ్మంటే నాకు విసుగు వచ్చేది, అప్పుడప్పుడు జాలి వేసేది. భయం వేయడం అదే మొదలు.

"అలా నుంచున్నావేం, దయ్యాన్ని చూసినట్టు?" అంది.

"ఎండ," అన్నాను.

మర్నాడు పొద్దున్నే వాల్లిలా వెళ్ళాను. పాత మేడ కింద, నాలుగు మెట్లు దిగితే మగ్గాల గది. ఏమడగాలో ట్రాములో వల్లె వేసుకుంటూ వచ్చాను. ఆ చొక్కా ఎవరు తెచ్చిచ్చారు? ఆ మనిషి ఎలా పోయాడు? ఎక్కడ పూడ్చారు? తలుపు తోశాను. లోపల ఒకే మగ్గం ఆడుతోంది. నేసేవాడి వీపు నా వైపుంది.

"తలుపెయ్యండి, దుమ్ము," అన్నాడు వాడు తల తిప్పకుండా.

ఆ గొంతు విని మెట్టు మీదే కూలబడ్డాను. చప్పుడికి వెనక్కి తిరిగాడు. జుట్టు కొంత పోయింది, గడ్డం కొంత వచ్చింది.

"అక్కా," అన్నాడు.

"చచ్చిపోయావనుకున్నాన్రా."

"ఎప్పట్నుంచి?"

"నిన్న మధ్యాహ్నం నుంచి."

"ఒక్కరోజేనా. నల్లబట్టలు కొనలేదుగా ఇంకా? ఈమధ్య ధరలు మండిపోతున్నాయి."

లేచి వాడి వీపు మీద గుద్దాను. ఇంకోటి గుద్దబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తర్వాత వాడు ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాడు. ట్రాముల షెడ్డులో సీట్లు కుట్టే పని అట. నేను పొద్దున కూర్చుని ఏడుస్తూ వచ్చిన సీటు కూడా వాడు కుట్టిందే అయి ఉంటుంది. ఎనిమిదేళ్ళూ ఈ ఊళ్ళోనే ఉన్నాడు. పక్క పేటలో. మేం సముద్రాలవతల వెతికాం.

"చొక్కా ఎందుకు చింపావురా?"

"తొడుక్కుని బయటికెళ్తే ప్రతివాడూ ఆపి, ఇది ఇర్మెలి గుడ్డ కదూ అనేవాడు. దాన్ని పెట్టెలో పెట్టి పెట్టి విసుగొచ్చింది. నేసేశాను. పదిమంది కాళ్ళు తుడుచుకుంటారు, పుణ్యం."

అప్పుడు చెప్పక తప్పలేదు. అమ్మ ఆ జంపఖానాని రేవులో చూసిందనీ, అదే కొత్త గుడ్డ అయిందనీ, వచ్చే వారం హాల్లో నడిమి గోడ మీద వేలాడబోతోందనీ చెప్పాను. ఎవరిదో తెలియక తీసిందన్నాను. ఆ మాట చెబుతుంటే నాకే నాలుక తడబడింది.

వాడి చెయ్యి మగ్గం మీద ఆగిపోయింది. "మళ్ళీనా," అన్నాడు.

"గొడవ చెయ్యకురా. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ వయసులో, అంతమందిలో, ఆవిడ తట్టుకోలేదు."

"గొడవా? ఎందుకు?" వాడు నవ్వాడు, చాలా మర్యాదగా. "అమ్మేసిన జంపఖానా అక్కా. ఎవరి కాళ్ళ కింద ఉంటే వాళ్ళది. ఫరవాలేదని చెప్పు."

"నిజంగా?"

"నిజంగానే. కోపాన్ని పెంచాలంటే దానికి రోజూ మేత వెయ్యాలి. నేనెప్పుడో మానేశాను."

"అయితే ఇంటికి రారాదూ?"

వాడు పేలిక ఒకటి తీసి చివర చూసుకుంటూ, "ఏం పనుందని?" అన్నాడు.

ఫోను నంబరిచ్చాడు. మెట్లెక్కి తలుపుదాకా వచ్చి సాగనంపాడు. నాకు మాత్రం ట్రాములో ఒళ్ళు గాల్లో తేలింది. తమ్ముడు బతికున్నాడు. పైగా గొడవ లేదు. రాయబారానికి వెళ్ళి యుద్ధం తప్పించుకొచ్చిన మొనగత్తెని నేనే అనుకున్నాను. ఇక అమ్మకి మెల్లగా చెప్పాలి, గుండె ఆగిపోకుండా. ముందు కూర్చోమనాలి, నీళ్ళివ్వాలి.

అమ్మ అప్పటికే కూర్చుని ఉంది. వంటింట్లో బల్ల నిండా అడవి నుంచి వచ్చిన పసుపు పుట్టగొడుగులు. చిన్న కుంచెతో మట్టి దులుపుతోంది.

"అమ్మా, ఒట్సో బతికే ఉన్నాడు," అన్నాను. అలా మొదలుపెడదామనుకోలేదు.

కుంచె ఆగలేదు. "తెలుసు," అంది.

"వాల్లిలాలో..."

"మగ్గాల గది. సాయంత్రాలూ, శనివారం పొద్దుటా. ట్రాము షెడ్డులో పని. చలికోటు పాతదే వేసుకుంటాడు, జేబు చిరిగింది."

నాకు నీళ్ళివ్వవలసిన పరిస్థితి వచ్చింది. కుర్చీ లాక్కున్నాను.

"నా పసుపు నేను గుర్తుపట్టనా పిల్వీ?" అంది అమ్మ. "పండగ మర్నాడు రేవులో ఎవరూ లేరు. అదొక్కటే దండెం మీద ఉంది. మొదట నేనూ పోయాడనే అనుకున్నాను. ఎంతసేపు నేల మీద కూర్చున్నానో తెలియదు. తర్వాత చూశాను. పసుపు గీత ఒక్కటీ అంచుదాకా పోలేదు. బొటనవేలంత ముందే ఆపేసి వెనక్కి మలిచాడు. చిన్నప్పట్నుంచీ వాడంతే. రోడ్డు గీసినా, సముద్రం గీసినా కాగితం చివరిదాకా తీసుకెళ్ళేవాడు కాదు. అవతల ఏముందో నాకు తెలీదుగా అనేవాడు. పోయినవాడి చొక్కా పరాయివాళ్ళు నేస్తే అలా నేస్తారా?"

"తెలిసీ వాడి దగ్గరికి వెళ్ళలేదా?"

"వెళ్ళాను. కిటికీ దాకా. చాలాసార్లు వెళ్ళాను." అమ్మ పుట్టగొడుగు తిప్పి చూసింది. అది శుభ్రంగానే ఉంది. మళ్ళీ దులిపింది. "లోపలికి వెళ్ళి, తప్పయింది నాన్నా అంటే ఏమంటాడు? మర్యాద తెలిసినవాడు, నేనే నేర్పాను. ఫరవాలేదమ్మా అంటాడు. కాఫీ ఇస్తాడు. తలుపుదాకా వచ్చి సాగనంపుతాడు. అక్కడితో అయిపోతుంది. ఇక జన్మలో మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు."

"అందుకని మళ్ళీ దొంగతనం చేశావు."

"ఇంకేం తెలుసు నాకు? ఆనాడు తీసినందుకు ఇల్లు కూలేలా అరిచాడు. ఈసారీ అరుస్తాడు. వాడిదే, నడిమి గోడ మీద, ఊరంతా చూసేలా పెడితే ఊరుకుంటాడా? అరవడానికైనా ఇంటికి రావాలి కదా." అప్పుడు తలెత్తింది. ముఖం ఆశతో వెలిగిపోతోంది. చిన్నపిల్ల ముఖం. "చెప్పావా వాడికి? ఎంత కోపమొచ్చింది?"

నేనూ ఒక పుట్టగొడుగు తీసుకుని వేలితో మట్టి దులిపాను. చెప్పకపోయినా అమ్మకి అర్థమైంది.

"కాస్త కూడానా?" అంది.

"ఫరవాలేదన్నాడు."

"కాఫీ ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

అమ్మ కుంచె కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఆమె కళ్ళు బల్ల మీద ఉన్నాయి కానీ దేన్నీ చూడడం లేదు. ఏదో ఒకటి ఏరుకోకుండా ఆ కళ్ళని నేను నా బతుకులో చూడలేదు. వాడి కాళ్ళు పట్టుకుని మరీ ఆ ఒక్క నిప్పురవ్వని ఆర్పి వచ్చింది నేను.

ఫోను తీశాను. నాకు అబద్ధాలాడడం రాదు. ఇంట్లో అందరికీ తెలుసు. మోగుతుంటే దాన్ని పుట్టగొడుగుల మధ్య, ఇద్దరికీ వినపడేలా పెట్టాను.

"చెప్పక్కా," అన్నాడు ఒట్సో. వెనక మగ్గం ఆడుతోంది.

"ఇంటికొచ్చి గుడ్డ చూశాన్రా. నీ జంపఖానా ఫోటో పక్కన పెట్టి చూస్తే బాగాలేదు. అమ్మ పాడుచేసింది."

"పోనీలే."

"పసుపు గీతలు ఎందుకలా మధ్యలో ఆగిపోయాయి, ఇదేదో తప్పు నేశారు అనుకుందట. దిద్దేసింది. అన్నిటినీ అంచుదాకా లాగేసింది."

మగ్గం ఆగింది.

"లాగేయడమేంటి?"

"అంచుదాకా. ఈ చివర నుంచి ఆ చివరకి."

"తప్పా?" అన్నాడు. ఆ గొంతు ఇందాకటిది కాదు. "తప్పు నేశానా నేను? ఒక్కొక్క గీత దగ్గర మలుపు తిప్పడానికి ఎంతసేపు పడుతుందో తెలుసా ఆవిడకి? దొంగిలిస్తే దొంగిలించింది, ఉన్నదున్నట్టు దొంగిలించడం కూడా చేతకాదా? ఎవర్నడిగి దిద్దింది?"

అమ్మ ఫోను మీదికి వంగింది. ఎనిమిదేళ్ళ తర్వాత కొడుకుతో మొదటి మాట.

"నాకలాగే బాగుందిరా," అంది.

వాడు ఒక్కో మాటా నొక్కుతూ, "రేపు పొద్దున వస్తున్నాను. అంతవరకూ దాన్ని ముట్టుకోకు," అని ఫోను పెట్టేశాడు.

నేను అమ్మ వైపు చూడలేకపోయాను. ఆమె లేచింది. చేతులు కడుక్కుని తుడుచుకుంది. పనిగదిలోకి వెళ్ళి గున్‌వొర్ గోడకి వెళ్ళవలసిన ఆ గుడ్డని, రెండు నెలల పనిని, నేల మీద పొడుగునా పరిచింది. పసుపు గీతలన్నీ వాడు నేసినట్టే అంచుకి బొటనవేలంత ముందే ఆగి ఉన్నాయి.

"పసుపు కలిపి తీసుకురావే," అని కేకేసింది. "వాడొచ్చేలోగా ఇవన్నీ అంచుదాకా లాగాలి."